జొన్న వేళ్ల సంగతి కూడా చెప్పాల్సింది

వయ్యారిభామ పక్క మొక్కల్ని ఎలా అణచేస్తుందో మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో బాగా వివరించారు. ఆ మొక్కలో ఉండి పక్క మొక్కల్ని ఎదగనివ్వని పార్థెనిన్ అనే రసాయనం గురించి ప్రతి రైతుకూ తెలియాలి. అయితే ఇలాంటి రసాయనాలు కలుపు మొక్కల్లోనే ఉంటాయేమో అనిపించేలా ఉంది. మనం తినే జొన్నలోనూ ఉన్నాయండీ, అదీ చాలా బలంగా.

జొన్న వేళ్ల మీది సన్నటి నూగు చివర్ల నుంచి నూనెలాంటి పసుపు ద్రవం ఊరుతుంది. అందులో ఎక్కువ భాగం సోర్గోలియోన్ అనే రసాయనం. అప్పుడే మొలిచిన మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియను ఇది అడ్డుకుంటుంది. చిన్న గింజల కలుపు మొక్కలకే దెబ్బ ఎక్కువ. కోత తర్వాత మిగిలిన కొయ్యలు కుళ్లేటప్పుడు, మొక్కల ఎదుగుదలను అడ్డుకునే ఫినాలిక్ ఆమ్లాలనే రసాయనాలు కూడా వెలువడతాయి. జొన్న తీసిన వెంటనే వేసిన పైరు కొన్నిసార్లు గిడసబారడానికి ఇదొక కారణం. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకోవడం ఇంకో కారణం, కాబట్టి నెపమంతా ఈ రసాయనాల మీదే వేయడం సరికాదు.

పాకిస్థాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు జొన్న చొప్పను నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని 'సోర్గాబ్' పేరుతో గోధుమ చేలలో చల్లి చూశారు. కలుపు పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గింది. దీన్ని కలుపు మందుతో కలిపి వాడితే మందు మోతాదు తగ్గించవచ్చని కూడా తేలింది. మందుల ఖర్చుతో నలిగిపోయే మెట్ట రైతుకు ఇది చిన్న విషయం కాదు. మొక్కల రసాయనాల నుంచి కలుపు మందు పుట్టడం కొత్తేమీ కాదు: మొక్కజొన్నలో కొట్టే మీసోట్రియోన్ అనే కలుపు మందుకు మూలం బాటిల్‌బ్రష్ చెట్టులో దొరికిన లెప్టోస్పెర్మోన్ అనే రసాయనమే.

దయచేసి జొన్న మీద ఒక వ్యాసం రాయించండి. ఖరీఫ్ జొన్న తీసి రబీలో శనగ వేసేవాళ్లు కొయ్యల్ని ఎన్నాళ్ల ముందు దున్నేయాలో అందులో తప్పకుండా చెప్పించండి.