మెదడుకు పదేళ్లు వయసు పెంచేసిన మెసేజ్

వారంలో ఒకే మెసేజ్ ఏడుగురు పంపారు. ఏడుగురూ నా మంచి కోరేవాళ్లే, అదే బాధ. "ఎంఎస్ ఉన్నవాళ్ల మెదడు పదేళ్లు ముసలిదైపోతుంది, శాస్త్రవేత్తలు తేల్చేశారు" అని మొదలవుతుంది. ఒక్క ఎంఆర్ఐతో మీ మెదడు వయసు కచ్చితంగా తెలుసుకోండి అంటుంది. చివరికి మందులు మానేయమంటుంది. ఎంఎస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే జబ్బు. పన్నెండేళ్లుగా దానితో కాపురం చేస్తున్నదాన్ని కాబట్టి జవాబు ఒక్కసారే రాసి పెట్టుకుంటున్నా. ఇకమీద ఎవరు పంపినా ఇదే తిప్పి కొడతాను.

ముందు చిల్లర విషయాలు. ఎంఆర్ఐ రేడియేషన్ వల్ల కూడా మెదడు ముసలిదవుతుందట. అందులో ఎక్స్-రేలు ఉండవు మహాశయా, అయస్కాంతం, రేడియో తరంగాలు, అంతే. అయినా రెండో పాయింటులో అందరినీ స్కాన్ తీయించుకోమన్న మనిషే నాలుగో పాయింటులో ఆ స్కాన్ మెదడును తినేస్తుందంటాడు. తను రాసింది తనే చదువుకున్నట్టు లేదు. ఇక రోజూ పజిల్స్ చేస్తే ఆ పదేళ్లూ వెనక్కి వస్తాయన్నది: చేసుకోండి, పొద్దుపోతుంది.

"పదేళ్లు" అన్న అంకె గాల్లోంచి ఊడిపడలేదు. 2020లో యూరప్‌లోని కొన్ని కేంద్రాల స్కాన్లతో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 1,204 మంది ఎంఎస్ రోగులు, 150 మంది ఆరోగ్యవంతులు. రోగుల మెదళ్లు వాళ్ల అసలు వయసుకంటే సగటున 10.3 ఏళ్లు ముసలిగా కనిపించాయి. పక్కనే ఉన్న రెండో అంకెను మెసేజ్ మింగేసింది. ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా అదే లెక్క 4.3 ఏళ్లు ఎక్కువ చూపించింది! అంటే అసలు తేడా ఆరేళ్లు. అదీ సగటు.

పైగా "కనిపించాయి" అన్నది "అయిపోయాయి"గా మారింది. కంప్యూటరుకు వేలమంది ఆరోగ్యవంతుల స్కాన్లు చూపించి వయసు అంచనా వేయడం నేర్పుతారు. తర్వాత నా స్కాన్ ఇస్తే అదొక వయసు చెబుతుంది. ఆరోగ్యవంతుల విషయంలోనే ఆ అంచనా నాలుగైదేళ్లు అటూ ఇటూ పోతుంది. బాలనెరుపు వచ్చిన కుర్రాణ్ని చూసి "యాభై ఉంటాయా?" అని అడిగితే వాడికి యాభై వచ్చేసినట్టేనా?

ఆ "కచ్చితంగా" అన్న మాట సంగతి కూడా చూద్దాం. ఆ గొట్టంలో పడుకోగానే ముక్కు మీద దురద పుడుతుంది. ఎప్పుడూ అప్పుడే పుడుతుంది. తల రవ్వంత కదిలితే చాలు, బొమ్మ మసకబారి మెదడు పైపొర ఉన్నదానికంటే పల్చగా కొలతకొస్తుంది. మెషిన్ మారినా అంకె జరుగుతుంది. ముక్కు గోక్కుంటే ముసలిదాన్నైపోతానన్నమాట.

నాకు ఒళ్లు మండింది మాత్రం మూడో పాయింటుకి. "మందు మొదలుపెట్టాక తీసిన స్కాన్‌లో మెదడు కుంచించుకుపోయింది చూశారా? మందే ముసలిదాన్ని చేస్తోంది, ఆపేయండి." ఇందులో సగం నిజం ఉంది, అందుకే ప్రమాదం. జబ్బు రగులుతున్నప్పుడు మెదడు కణజాలంలో వాపు ఉంటుంది, నీరు చేరి ఉంటుంది. మందు ఆ వాపును దించుతుంది. నీరు పోయాక కొలిస్తే పరిమాణం తగ్గినట్టే వస్తుంది. డాక్టర్లు దీన్ని సూడో అట్రోఫీ, అంటే ఉత్తుత్తి కుంచించుకుపోవడం అంటారు, ఎక్కువగా మొదటి ఏడాదిలో కనిపిస్తుంది. అందుకే మందు మొదలై కొన్ని నెలలు గడిచాక తీసిన స్కాన్ నుంచే లెక్క మొదలుపెట్టడం మేలంటారు. బెణికిన కాలి వాపు దిగితే "అయ్యో, కాలు సన్నబడిపోయింది" అని ఏడ్చేవాళ్లుంటారా?

మరి ఆపేస్తే ఏమవుతుంది? నటాలిజుమాబ్, ఫింగోలిమాడ్ లాంటి ఎంఎస్ మందులు ఉన్నట్టుండి ఆపితే కొందరిలో జబ్బు మునుపటికంటే ఉధృతంగా తిరగబడుతుంది. ఆ ఏడుగురిలో ఒకమ్మాయి, నరంలోకి ఎక్కించే తన మందు గురించి మెసేజ్ కింద ఇలా అడిగింది: "ఈ నెల ఇన్ఫ్యూజన్ ఆపేయనా అక్కా?" పోయిన రిలాప్స్‌లో, అంటే జబ్బు ఉన్నట్టుండి తిరగబెట్టినప్పుడు, రెండు నెలలు గోడ పట్టుకుని నడిచిన పిల్ల. మళ్లీ అలాగైతే ఈ మెసేజ్ రాసిన పెద్దమనిషి వచ్చి చెయ్యి పట్టుకుని నడిపిస్తాడా? ఫార్వర్డ్ నొక్కే ముందు ఆయన ఫోన్ నంబరు కూడా పెట్టాల్సింది.

అయితే ఒక లైను దగ్గర ఆగిపోయాను. "కొత్త మచ్చలు లేవంటే అంతా బాగున్నట్టు కాదు" అని రాశాడు. జబ్బు చేసిన గాయాలే స్కాన్‌లో ఆ మచ్చలు, డాక్టర్ల మాటలో లీజన్లు. ఆ లైను నిజం. మూడేళ్లుగా నా రిపోర్టులో "కొత్త లీజన్లు లేవు" అనే వస్తోంది. ఆ మూడేళ్లలోనే మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవడం అలవాటైంది. రిలాప్స్ లేకుండానే మెల్లగా దిగజారడం ఈ జబ్బులో ఉంది, మచ్చల లెక్కకు అది సరిగ్గా అందదు. ఆ 2020 అధ్యయనంలోనే, మొదటి స్కాన్‌లో మెదడు వయసు ఎక్కువ చూపించినవాళ్లకి తర్వాత వైకల్యం ముదిరే అవకాశం ఎక్కువని తేలింది. కాబట్టి ఈ పద్ధతిని నేను కొట్టిపారేయను. గుంపు మొత్తం మీద చెప్పగలిగినదాన్ని నా ఒక్కదాని గురించి చెప్పేంత పదును దానికింకా రాలేదు. వచ్చిన రోజున ముందు క్యూ కట్టేది నేనే.

ఆ అమ్మాయి ఇన్ఫ్యూజన్ గురువారం. రాత్రి పదకొండింటిదాకా ఫోన్లో మాట్లాడితే, వెళ్తానంది.