సొరుగు మాహాత్మ్యం

పాత మొబైల్ ఫోన్లను జనం ఎక్కడపడితే అక్కడ పారేస్తున్నారని పర్యావరణవేత్తలు వాపోవడం అన్యాయం. వినియోగదారుడు అంత తొందరపడి పారేయడు, ముందు దాస్తాడు. కొత్త ఫోన్ వచ్చిన రోజునే పాతది "ఎప్పుడో అవసరానికి పనికొస్తుంది" అన్న హామీతో సొరుగులోకి పదవీ విరమణ చేస్తుంది. ఆ అవసరం ఏమిటో ఇంతవరకూ తేలలేదు.

ఆ సొరుగును ఒకసారి లాగి చూస్తే మన దూరదృష్టి బోధపడుతుంది. అద్దం పగిలిన ఫోన్, దాని కింద బటన్ల ఫోన్, ఆ రెండింటికీ సరిపోని సన్నపిన్ను చార్జరు, అన్నింటినీ చుట్టేసుకున్న ఇయర్‌ఫోన్ తీగ, అడుగున బ్యాటరీ ఉబ్బి వెనక మూత దానంతటదే ఊడివచ్చిన మరో ఫోన్ అందులో కొలువుదీరి ఉంటాయి. ఉబ్బిన లిథియం అయాన్ బ్యాటరీ నలిగినా, గుచ్చుకున్నా అంటుకోవచ్చని నిపుణులు హెచ్చరిస్తారు గానీ, ఒళ్లు కాస్త నీరు పట్టినంత మాత్రాన ఇంటి మనిషిని గెంటేస్తామా?

ఎవరైనా ఫోన్ అడిగితే "అందులో ఫోటోలున్నాయి" అంటాం. ఫోటోలు కాపీ చేసుకుని, ఖాతాలు తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ తీసి ఇవ్వడానికి పట్టే సమయం కొత్త ఫోన్ రంగు ఎంచుకోవడానికి పట్టిన సమయం కంటే తక్కువే. అయితే రంగు ముఖ్యం కదా!

సొరుగు నిండాక మిగిలింది చెత్తబుట్ట. అక్కడి నుంచి కొన్ని ఫోన్లు చెత్తబండిలో నలిగి నిప్పు రాజేస్తాయి. మరికొన్నింటి సర్క్యూట్ బోర్డులను ఎక్కడో ఎవరో చేతి తొడుగులైనా లేకుండా ఆమ్లంలో ముంచి బంగారం తీస్తారు. 2022లో ప్రపంచం పోగేసిన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి లెక్క.

జపాన్ వాళ్లకు ఓర్పు తక్కువ. 2017 నుంచి 2019 వరకు సుమారు 62 లక్షల పాత ఫోన్లనూ, ఇతర పరికరాలనూ ఇచ్చేసి, వాటి నుంచి తీసిన లోహాలతో టోక్యో ఒలింపిక్స్, పారాలింపిక్స్‌కు దాదాపు 5,000 పతకాలు చేయించారు. అందులో బంగారమే 32 కిలోలు. టన్ను ముడిఖనిజంలో కంటే టన్ను ఫోన్లలోనే బంగారం ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, సొరుగున్న ప్రతి గృహస్థుడూ గని యజమానే. ప్రభుత్వాలు అవగాహన సదస్సులు మానేసి, ఈ గనుల మీద పన్ను వేస్తామని ఉదయం ఒక్క ప్రకటన చేస్తే చాలు. సాయంత్రానికల్లా సేకరణ కేంద్రాల ముందు తోపులాటను అదుపు చేయడానికి పోలీసులు రావాల్సి ఉంటుంది.