సర్వర్లు షాద్‌నగర్‌లో, నీళ్ల ఖర్చు దామరచర్లలో

షాద్‌నగర్, కొత్తూరు, మేకగూడ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. జిల్లాలు విడగొట్టినప్పుడు రంగారెడ్డికి వెళ్లాయి. ఒకప్పుడు వలసలు, కరువు మాట వచ్చినప్పుడే పేపర్లో కనిపించిన ఈ ప్రాంతం పేరు ఇప్పుడు డేటా సెంటర్ల (వేల సర్వర్లు నడిచే భవనాల) వార్తల్లో కనిపిస్తోంది. హైదరాబాద్ చుట్టూ డేటా సెంటర్లు కడతామని, రూ.15 వేల కోట్లు పెడతామని మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో ప్రకటించింది. మేకగూడ, షాద్‌నగర్, చందనవెల్లిలో భూములు తీసుకుంది. అమెజాన్ అదే ఏడాది నవంబరులో హైదరాబాద్ రీజియన్ (ఇక్కడి తన డేటా సెంటర్ల సముదాయం) మొదలుపెట్టింది. 2025 జనవరిలో దావోస్ వెళ్లొచ్చిన ప్రభుత్వం ఇంకా పెద్ద అంకెలు చెప్పింది. అమెజాన్ మరో రూ.60 వేల కోట్లు, కంట్రోల్‌ఎస్ కంపెనీ 400 మెగావాట్ల సెంటర్, టిల్‌మన్ కంపెనీ 300 మెగావాట్ల సెంటర్.

ఈ వార్తల్లో మొదట కోట్లు ఉంటాయి, తర్వాత ఉద్యోగాలు ఉంటాయి. రోజుకు ఎన్ని యూనిట్ల కరెంటు, ఎన్ని లీటర్ల నీళ్లు అన్న లెక్క మాత్రం ఉండదు. నాకు కావాల్సింది ఆ రెండే.

నేను నల్గొండ జిల్లా వాణ్ని. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా టీమ్ రాసే కోడ్ నడిచేది ఇలాంటి సెంటర్లలోనే. కాబట్టి డేటా సెంటర్లే వద్దని నేనంటే అది నాటకమే అవుతుంది. నేను అడిగేది చాలా చిన్నది. సర్కారు భూమి, సర్కారు కరెంటు, సర్కారు నీళ్లు వాడుకునే ప్రతి డేటా సెంటర్ వాడకం నెలనెలా జనానికి కనిపించాలి. ఇది ఎందుకు అడగాలో నాలాంటి వాళ్లకు తెలిసినంతగా మా ఊళ్లో రైతులకు తెలియదు. తెలిసిన మేమేమో నోరు మెదపం. మా మీటింగుల్లో క్లౌడ్ బిల్లు (అద్దె సర్వర్ల ఖర్చు) మీద గంటల కొద్దీ చర్చ నడుస్తుంది, వాడని సర్వర్లు ఆపమని మెయిళ్లు వస్తాయి. అదంతా డాలర్లు మిగిల్చుకోవడానికే. ఆ సర్వరు వెనక ఎన్ని నీళ్లు పోయాయని ఏ క్లయింటూ అడగడు.

ముందు కరెంటు సంగతి. మామూలు సర్వర్ ర్యాక్ 5 నుంచి 10 కిలోవాట్లు తీసుకునేది. ఏఐ వచ్చాక పరిస్థితి మారింది. ఏఐ చిప్పులు చేసే ఎన్‌విడియా కంపెనీ కొత్త ఎన్‌వీఎల్72 ర్యాక్ ఒక్కటే దాదాపు 120 కిలోవాట్లు లాగుతుంది. మన పొలాల్లో 5 హెచ్‌పీ బోరు మోటారు తీసుకునేది సుమారు 3.7 కిలోవాట్లు. అంటే బీరువా అంత డబ్బా ఒకటి 32 మోటార్ల కరెంటు తాగుతుందన్నమాట. మోటారైనా నీళ్లు పారగానే బంద్ చేస్తాం. ఆ డబ్బా పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది.

కూలింగ్‌తో కలిపి 100 మెగావాట్ల సెంటర్ ఒకటి పూర్తి లోడుతో నడిస్తే రోజుకు 24 లక్షల యూనిట్లు. ఒకేసారి 27 వేల బోరు మోటార్లు ఆన్ చేసినట్టు. ఇంత కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే గ్రిడ్ నుంచి అంటారు. గ్రిడ్ అంటే అన్నీ కలిసేదే, నిజమే. కానీ దక్షిణ తెలంగాణలో ఆ గ్రిడ్‌కు కొత్తగా తోడైన పెద్ద ప్లాంటు నల్గొండ జిల్లా దామరచర్ల మండలంలో ఉంది. యాదాద్రి థర్మల్ కేంద్రం, 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. కేసీఆర్ 2015 జూన్‌లో శంకుస్థాపన చేశారు. రేవంత్ రెడ్డి 2024 డిసెంబరులో మొదట సిద్ధమైన యూనిట్‌ను జాతికి అంకితం చేశారు. బొగ్గు గోదావరి ఒడ్డున, ప్లాంటు కృష్ణా ఒడ్డున. అంత దూరం బొగ్గు మోసి ఇక్కడ ఎందుకు కాల్చాలన్న ప్రశ్న మొదటి రోజు నుంచీ ఉంది. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాని పర్యావరణ అనుమతిని పక్కన పెట్టి, మళ్లీ అధ్యయనం చేయమంది కూడా.

బొగ్గు కరెంటుకు నీళ్లు కావాలి. 2017 తర్వాత వచ్చిన థర్మల్ ప్లాంట్లు ఒక మెగావాట్ అవర్‌కు 3 ఘనపు మీటర్ల దాకా నీళ్లు వాడొచ్చని కేంద్ర పర్యావరణ శాఖ పరిమితి పెట్టింది. (మొదట పెట్టింది రెండున్నరే. 2018లో మూడుకు పెంచారు.) మన భాషలో చెప్పాలంటే యూనిట్‌కు 3 లీటర్లు. ఇప్పుడు గుణించండి. 24 లక్షల యూనిట్లకు 72 లక్షల లీటర్లు, ఒక్క రోజుకు. మిషన్ భగీరథలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలని లెక్క. అంటే 72 వేల మందికి సరిపోయే నీళ్లు. కరెంటంతా బొగ్గుదే కాదు, సోలార్ ఉంది, జల విద్యుత్ ఉంది అంటారా, సరే, సగమే బొగ్గు అనుకుందాం. అప్పుడూ 36 వేల మంది తాగే నీళ్లే. ఇవి డేటా సెంటర్ గేటు లోపల ఏ పైపులోనూ కనిపించవు. ఆ కంపెనీ నీళ్ల బిల్లులోనూ ఉండవు. ఖర్చయ్యేది దామరచర్లలో.

గేటు లోపల నీళ్ల సంగతి వేరు. సర్వర్ల వేడిని తీసేయడానికి రెండు దార్లు. నీళ్లను ఆవిరి చేసి చల్లబరచడం ఒకటి. నీళ్లు పోయకుండా వేడిని గాలిలోకి వదిలే చిల్లర్లు (పెద్ద ఏసీల్లాంటి యంత్రాలు) పెట్టడం రెండోది. మొదటి దారిలో ఒక యూనిట్ వేడిని తీయాలంటే దాదాపు లీటరున్నర నీరు ఆవిరవ్వాలి. ఇది ఫిజిక్స్, ఏ కంపెనీ మార్చగలిగేది కాదు. రెండో దారిలో నీరు మిగులుతుంది, కానీ కరెంటు ఎక్కువ కాలుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో ఇంకా ఎక్కువ. ఈ మధ్య కంపెనీలు ‘నీళ్లే వాడని కూలింగ్’ అని గొప్పగా చెప్పుకొంటున్నాయి. ఆ మాట అబద్ధం కాదు. మొత్తం మీద నీళ్ల ఖర్చు కొంత తగ్గే మాట కూడా నిజమే. కాకపోతే మిగిలిన ఖర్చులో కొంత షాద్‌నగర్ మీటరు నుంచి కృష్ణా ఒడ్డుకు జరుగుతుంది. ఒక్క మీటరు చూపించి మా దగ్గర సున్నా అంటే కుదరదనేది అందుకే. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టాలి.

నల్గొండ వాళ్లకు ఈ మాట కొత్తేం కాదు. నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు మా జిల్లా కోదండాపురంలో శుద్ధి అయి మూడు దశల పైపుల్లో హైదరాబాద్ వెళ్తాయి. నగరం వాడుకున్న నీరు మూసీలో పడి భువనగిరి, సూర్యాపేట మీదుగా మళ్లీ మా జిల్లాకే వచ్చి, దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మంచినీళ్లు ఇచ్చి మురికినీళ్లు తీసుకునే బేరం ఇది. ఈ మధ్యలో మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు రెండు మూడు తరాలు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి ఎముకలు వంచుకున్నాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని దేశం మొత్తానికి రూలు ఉంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని శాస్త్రవేత్తలు మా జిల్లా పేరే పెట్టారు. భగీరథ వచ్చాక చాలా ఊళ్లకు నది నీళ్లు అందాయి, ఆ మేలు కాదనలేం. పొలాలకు శ్రీశైలం నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాల్వ) సొరంగం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, రెండు దశాబ్దాల కథ. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు అది కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. చుక్క నీటి కోసం ఇంత జరిగిన చోట, రోజుకు లక్షల లీటర్లు ఎవరు వాడుతున్నారని అడగడం అభివృద్ధికి అడ్డుపడటం ఎట్లా అవుతుంది?

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. ఆఫీసులో మా వాళ్లు వెంటనే అదే అంటారు: 2025 మార్చిలో రాష్ట్ర గరిష్ఠ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది, అందులో 100 మెగావాట్లు ఎంత, ఒక శాతం కూడా కాదు కదా. లెక్క కరెక్టే. వరి తాగే నీళ్లతో పోలిస్తే డేటా సెంటర్ తాగేవి చాలా తక్కువ, అదీ ఒప్పుకుంటాను. అయితే దావోస్ కాగితాల్లో ఉన్నవి 400, 300. ఒక్క 400 మెగావాట్లంటే యాదాద్రి ప్లాంటులో పదో వంతు. పైగా ఆ 17 వేల రికార్డు ఏ నెలలో వచ్చిందో చూడండి. మార్చి. యాసంగి వరి పొట్ట మీద ఉండే రోజులు. బోరు కాసేపు ఆగినా రైతుకు టెన్షనే. ఎండలు ముదిరి సర్వర్లకు కూలింగ్ ఎక్కువ కావాల్సింది కూడా అప్పటి నుంచే. కరెంటు చాలనప్పుడు ముందు కోత పడేది ఎవరికో పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. డేటా సెంటర్‌కు రెండు వైపుల నుంచి లైన్లు, అవీ పోతే డీజిల్ జనరేటర్లు. వ్యవసాయ ఫీడరుకు ఉండేది ఒక్క లైనే.

రాజకీయానికి వస్తే, ఈ ఒక్క విషయంలో పాత ప్రభుత్వానికీ కొత్త ప్రభుత్వానికీ తేడా వెతకడం కష్టం. డేటా సెంటర్ల పాలసీ 2016లో వచ్చింది. అప్పుడు కేటీఆర్ దావోస్ వెళ్లారు, ఇప్పుడు రేవంత్ రెడ్డి వెళ్తున్నారు. ప్రెస్ నోటులో పేర్లు మారాయి, వరస మారలేదు. కంట్రోల్‌ఎస్ ఒప్పందంలో రూ.10 వేల కోట్లకు 3,600 ఉద్యోగాలన్నారు. భాగహారం చేస్తే ఒక్కో ఉద్యోగానికి రెండున్నర కోట్ల పైనే. కట్టేటప్పుడు వేలమందికి పని దొరుకుతుంది. కట్టాక ఉండేది సెక్యూరిటీ, ఎలక్ట్రీషియన్లు, చిల్లర్ టెక్నీషియన్లు, కొద్దిమంది ఇంజినీర్లు. మా పిల్లలు కోడ్ రాయడానికి అక్కడ కుర్చీలుండవు. కుర్చీల కోసం కట్టిన ఐటీ టవర్లు మహబూబ్‌నగర్‌లోనూ నల్గొండలోనూ ఎన్నికల ఏడాది 2023లో ప్రారంభమయ్యాయి. ఎన్నికల ఏడాదే ఎందుకని నేను అడగను. జిల్లాలో ఉండి ఉద్యోగం చేసుకునే వీలు మాత్రం నాకు ఎన్ని సర్వర్లకన్నా ఎక్కువ. నాయకుడు వచ్చి డేటా సెంటర్‌నూ ఐటీ టవర్‌నూ ఒకే గాటన కట్టి మాట్లాడితే చప్పట్లు కొట్టేముందు ఒక్క నిమిషం ఆగాలి. మొదటిదానికి మనం ఇచ్చేది కరెంటు, నీళ్లు, భూమి. రెండోదానికి ఇచ్చేది మనుషులను.

మూసీ నీళ్ల మాట పైన వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. కూలింగ్‌కు నీళ్లు వాడక తప్పని చోట కృష్ణా మంచినీళ్లు ఎందుకు ఇవ్వాలి? హైదరాబాద్ మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి బయటికొచ్చే నీటిని ఇంకో దశ శుభ్రం చేసి, పైపు వేసి ఇస్తే చాలు. ఆ పైపు ఖర్చు కంపెనీదే అని ఒప్పందంలో రాయాలి. వేల కోట్లు పెట్టేవాళ్లకు పైపు భారం కాదు. మూసీలోకి దిగే మురుగూ కొంత తగ్గుతుంది.

లెక్క చూపమంటే ‘వ్యాపార రహస్యం’ అంటారని నాకు తెలుసు. ఐరోపా యూనియన్‌లో 500 కిలోవాట్లు దాటిన ప్రతి డేటా సెంటర్ కరెంటు, నీళ్ల వాడకాన్ని ఏటా అప్పజెప్పాలని 2023 నాటి ఇంధన పొదుపు ఆదేశంలో ఉంది. 2024 నుంచి అమల్లోకి కూడా వచ్చింది. ఇక్కడ భూములు కొన్న పెద్ద కంపెనీలకు అక్కడా సెంటర్లున్నాయి. అక్కడ చెప్పగలిగింది ఇక్కడ చెప్పలేకపోవడానికి కారణం వాళ్లలో లేదు, మన ఒప్పందాల్లో ఉంది. అసలు రహస్యం సంగతే తీసుకుంటే, మా ఊరి రైతుకు ఏ రహస్యం మిగిలింది? 2020లో భూముల రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పటి నుంచి, సర్వే నంబరు కొడితే ఆయన పేరు, విస్తీర్ణం ఆన్‌లైన్‌లో ఎవరికైనా కనిపిస్తూనే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి తెచ్చారు. రెండెకరాల ఆసామి వివరం జనం ముందు పెట్టగలిగిన సర్కారుకు నాలుగు వందల మెగావాట్ల వాడకం పెట్టడం ఎందుకు బరువు?

కొత్త మీటర్లు కూడా పెట్టక్కర్లేదు. సర్కారు భూమి ఇచ్చేది పరిశ్రమల మౌలిక వసతుల సంస్థ. కరెంటు బిల్లు ఇచ్చేది దక్షిణ డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ. నీళ్లు ఎవరు ఇస్తే వాళ్ల దగ్గర నీళ్ల బిల్లు ఉంటుంది. అన్నీ ఇప్పటికే ఏదో ఒక సర్కారు సర్వర్‌లో పడి ఉన్నాయి. ఒక్కో సెంటర్‌కు నెలకు ఒక వరస: గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు, సొంత సోలార్ యూనిట్లు, నీళ్లు ఎన్ని లీటర్లు, అవి ఏ నీళ్లు, డీజిల్ జనరేటర్లు ఎన్ని గంటలు నడిచాయి. ఇంత వెబ్ పేజీ తయారు చేయడం మా ఆఫీసులో కొత్తగా చేరిన ఫ్రెషర్‌కు వారం పని. పాలమూరు, నల్గొండ ఎమ్మెల్యేల్లో ఏ పార్టీ వాళ్లయినా సరే, వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ఈ ఐదు వివరాలు అడగొచ్చు.