ప్రవేశం ఉచితం, పనేంటో చెప్పండి

"అందరికీ ఆహ్వానం, ప్రవేశం ఉచితం" అని పోస్టర్ మీద పెద్ద పెద్ద అక్షరాలతో వేశారు. ఒక యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో విద్యార్థుల ప్రింట్ల ప్రదర్శన, దాంతోపాటు ఒక చిత్రకారుడి ప్రసంగం. ఆ 'అందరి'లో నేనూ ఉన్నాననుకుని బయల్దేరాను చూడండి, అక్కడే పప్పులో కాలేశాను.

గేటు దగ్గర రిజిస్టర్. అందులో 'ఎవరిని కలవాలి' అని ఒక గడి. ఎవర్నీ కాదండీ, బొమ్మలు చూడాలి అన్నాను. సెక్యూరిటీ ఆయన పెన్ను ఆపేశాడు, ఎవరో ఒకరి పేరు లేకపోతే లోపలికి పంపరట. పేరు తెలీదు, పెయింటింగుల కోసమొచ్చాను అనేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. "అట్లా చెప్పండి సార్, పెయింటింగ్ పని హాస్టల్ బ్లాకులో, మేస్త్రీ పొద్దున్నుంచి చూస్తున్నాడు" అని చీటీ రాసి, ముద్ర గుద్ది ఇచ్చాడు. హాస్టల్ దాకా వెళ్ళాను కూడా. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి "బ్రష్షులేవి?" అన్నాడు. ఆ రోజంతా ఆ ప్రాంగణంలో బ్రష్షు ఊసెత్తిన మనిషి ఆయనొక్కడే.

హాల్లో అటెండెన్స్ కోసం కూర్చోబెట్టిన పిల్లలు, ఫ్యాను గాలికి మూడుసార్లు ఆరిపోయిన దీపం, శాలువాలు. ముఖ్య అతిథి గారు తెలంగాణ పల్లె మనుషుల్ని గీసిన చిత్రకారుల పేర్లు, నిజాంపూర్ లక్ష్మా గౌడ్ అనీ, బూరుగుపల్లి వైకుంఠం అనీ ఎవరో రాసిచ్చిన కాగితం చూసి చదువుతూ, పల్లెటూరి తల్లులే మన కళకు ప్రాణం అని నలభై నిమిషాలు పరవశించారు. అసలు చిత్రకారుడికి మిగిలింది పన్నెండు నిమిషాలు. పాపం ఆయన, వాళ్ళిద్దరికీ బరోడాలో పాఠం చెప్పిన కె.జి. సుబ్రమణ్యన్ విద్యార్థులతో కలిసి ఆటబొమ్మలు చేసి, ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ పెట్టి ఊరి జనానికి అమ్మిన సంగతి అప్పుడే ఎత్తుకున్నాడు, చీటీ అందింది: టీ చల్లారిపోతోంది.

ప్రదర్శనలో ఒకమ్మాయి ఎచింగులు పెట్టింది. జింకు పలక మీద గీసి, యాసిడ్‌లో ముంచి, గీతల్లో ఇంకు నింపి, పైనున్నది తుడిచేసి, తడి కాగితం వేసి ప్రెస్సులో తిప్పితే ఒక్క ప్రింటు. దాని కింద పెన్సిల్‌తో 3/10 అని రాసుంది. అతిథి గారు జాలిగా చూసి "పదికి మూడేనా అమ్మా?" అన్నారు. పది కాపీల్లో ఇది మూడోది సార్ అని ఆ పిల్ల చెప్పింది. "పర్లేదు, వచ్చేసారి పదికి పది రావాలి" అని భుజం తట్టి వెళ్ళిపోయారు.

తిరిగొస్తుంటే గేటు దగ్గర ఆ అమ్మాయి వాళ్ళమ్మ. ఎర్రచీర, రూపాయి కాసంత బొట్టు, చేతిలో టిఫిన్ క్యారియరు, వైకుంఠం గారి కాన్వాసు మీంచి దిగొచ్చినట్టుంది. "నా బిడ్డ బొమ్మలేసిందంట, చూద్దామని వచ్చిన సారూ." మధ్యాహ్నం నుంచి అక్కడే నిలబడి ఉంది. బిడ్డకేమో అతిథికి బొకే ఇచ్చే డ్యూటీ, ఫోను తియ్యలేదు, ఆ పిల్ల ఔనంటేగానీ లోపలికి పంపరట. సెక్యూరిటీ ఆయన్ని అననండీ, ఆయన జీతం ఆయన ఉద్యోగం. ఆ గడి గీసినవాళ్ళకి సిగ్గుండాలి! లోపల మైకులో ఈవిడ గురించే నలభై నిమిషాలు వాగి, ఈవిడకి కూర్చోడానికి ఒక స్టూలు కూడా వెయ్యలేదు కదరా!

అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి గ్యాలరీకి తాళం పడింది. తాళంచెవి అటెండరు దగ్గర, ఆయన బస్సెక్కేశాడు. సెక్యూరిటీ ఆయన లెక్క సరిచూసుకుని, "అమ్మా, పోయే టైము రాయాలి, సంతకం" అన్నాడు.

"నేను లోపలికి పోనే లేదు గదయ్యా."

పేరు ఎక్కింది కాబట్టి తప్పదన్నాడు. సంతకం రాదంటే, చీటీల మీద ముద్ర గుద్దే స్టాంపు ప్యాడు ముందుకు జరిపాడు. ఆవిడ క్యారియరు కింద పెట్టి, బొటనవేలికి ఇంకు అద్దుకుని, గడి దాటకుండా జాగ్రత్తగా ఒత్తింది.