మా కప్పు మీద మీకేం పని?

మా సిమెంటు రేకుల కప్పు ఎవరి సొత్తు అనుకుంటున్నారు అసలు? కేబుల్ వైరు లాగాలన్నా మా రేకుల మీదే నడక. పక్కింటివాళ్ల డిష్ సరిచేయాలన్నా మా రేకుల మీదే. కోతులు దూకితే ఏమీ అనలేం. మనుషులకేమైంది? అడుగు పడాల్సింది కింద దూలం ఉన్న చోట, అదీ చెక్క వేసుకుని. మధ్యలో కాలు పెడితే రేకుతో పాటు మనిషీ కింద పడతాడు. ప్రాణాలు పోతాయి!

ఇక మేస్త్రి. బోల్టు రంధ్రం రేకు గట్టు మీద వేయాలి, నీళ్లు పారే పల్లంలో కాదు. ఇంత చిన్న విషయం పని నేర్చినవాడికి తెలియదా? పల్లంలోనే కొట్టాడు. వాషర్ ఏదయ్యా అంటే "ఏం కాదు లేమ్మా" అన్నాడు. పాత చిల్లుకు గుప్పెడు సిమెంటు మెత్తి, డబ్బులు తీసుకుని పోయాడు. మే ఎండకు రేకు కాలి, రాత్రికి చల్లబడి, ఆ సిమెంటు కాస్తా బీటలిచ్చింది. పట్టపగలు లోపల నిలబడి చూస్తే కప్పులో రూపాయి బిళ్లంత వెలుగు. నీళ్లు మాత్రం అక్కడ కారవు. వాలు వెంట జారి ఎక్కడో మంచం మీద పడతాయి. పరుపు తీయాలా, బియ్యం డబ్బా జరపాలా, మీటరు దగ్గర తడి చూసి భయపడాలా?

పోనీ ఆ చిల్లు మీద తారు షీటు అతికించాలంటే రేకు పూర్తిగా ఆరాలట. జూలైలో ఎక్కడ ఆరుతుంది?

ఎక్కే ముందు ఇంటివాళ్లను పిలవండి. పగలగొడితే కొత్త రేకు వేయించి వెళ్లండి.