గెలుపు బడిది, ఓటమి పిల్లవాడిదా?

పరీక్షల ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. మార్కులు బాగా వస్తే అది ఉపాధ్యాయ బృందం సమష్టి కృషి ఫలితమని పాఠశాలలు ఘనంగా చెప్పుకుంటాయి. ఒక విద్యార్థి పరీక్ష తప్పితే మాత్రం అది వాడి బద్ధకం, లేదంటే ఇంటి వాతావరణం, అదీ కాకపోతే ఆ ఒక్క సబ్జెక్టు టీచరు చేతకానితనం. గెలుపులో కనిపించిన బృందం ఓటమి దగ్గర ఎందుకు మాయమవుతోంది? ఈ ద్వంద్వ నీతిని ఇంకెంతకాలం భరించాలి?

ఏడో తరగతి పిల్లవాడు ఒకడు కూడికలు, తీసివేతలు తప్పుల్లేకుండా చేస్తాడు. అవే లెక్కలు మాటల్లో ఇస్తే తెల్లకాగితం ఇస్తాడు. లెక్కల టీచరు అతడి పేరు పక్కన 'వీక్' అని రాసుకుంటారు. పేరా చదవమంటే ఆ పిల్లవాడు మాటమాటకూ వేలు పెట్టి ఆగుతున్నాడని, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతున్నాడని భాష చెప్పే టీచరుకు తెలుసు. దూరం నుంచి వచ్చే బంతిని కళ్లు చికిలించి చూస్తున్నాడని వ్యాయామ ఉపాధ్యాయుడు గమనించారు. ముగ్గురూ కూర్చునేది ఒకే స్టాఫ్‌రూమ్‌లో. ఎవరికి తెలిసింది వారు చెబితే, చిక్కు లెక్కల్లో లేదని, చదవడంలో, బహుశా చూపులో ఉందని అయిదు నిమిషాల్లో తేలుతుంది. కానీ ఆ అయిదు నిమిషాలు ఎవరికీ దొరకవు. 'వాడికి బేసిక్స్ లేవండీ' అన్న తీర్పు మాత్రం ముగ్గురి నోటా వినిపిస్తుంది.

ఇది కొత్త జబ్బు కాదు. కోడిగుడ్ల అట్టలో గుడ్ల మాదిరిగా ఎవరి గదిలో వారు ఒంటరిగా పనిచేస్తున్నారని అమెరికన్ ఉపాధ్యాయుల గురించి సామాజికవేత్త డాన్ లార్టీ 1975లోనే రాశారు. మందు కూడా తెలియనిది కాదు. జపాన్‌లో ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠం తయారుచేసుకుంటారు. ఒకరు చెబుతుంటే మిగిలినవారు ఆ తరగతిలో నిలబడి పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చూస్తారు, తర్వాత దాని మీదే చర్చిస్తారు. ఫిన్లాండ్ 2011లో అమలులోకి తెచ్చిన మూడంచెల విధానంలో, వెనుకబడిన పిల్లలకు ఏ స్థాయి సాయం కావాలన్న నిర్ణయాన్ని ఒక్క టీచరుకు వదిలేయకుండా, ప్రత్యేక ఉపాధ్యాయులు, మనస్తత్వ నిపుణుల వంటివారు కలిసి ఆలోచించే ఏర్పాటు చేసింది. కలిసి పనిచేస్తే పిల్లలను ముందుకు తీసుకెళ్లగలమని ఉపాధ్యాయులందరూ నమ్మే బడుల్లో చదువులు మెరుగ్గా ఉంటాయని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1993లో చూపించారు.

మన యాజమాన్యాలు మాత్రం సమావేశాల్లో కలిసి పనిచేయాలని హితబోధ చేస్తూనే, గది దాటగానే ఉపాధ్యాయులను సబ్జెక్టుల వారీ ఉత్తీర్ణత శాతాలతో తూకం వేస్తున్నాయి. తన శాతం తగ్గితే సంజాయిషీ తానే ఇచ్చుకోవాల్సిన టీచరు, తన తరగతిలో ఫలానా పిల్లవాడికి అర్థం కావడం లేదని తోటివారి ముందు ఎలా ఒప్పుకుంటారు? దాచుకుంటారు. ఆ దాచుకోవడానికి మూల్యం చెల్లించేది పిల్లవాడు. చివరికి సాయంత్రం స్పెషల్ క్లాసు పెట్టి, ఉదయం అర్థంకాని పాఠాన్నే అదే పద్ధతిలో మళ్లీ అప్పజెబుతారు. ఎందుకు అర్థం కాలేదో అడిగినవారు ఉండరు.

బోధనేతర పనులు, సిలబస్ ఒత్తిడి మధ్య ఉపాధ్యాయులకు తీరిక లేదన్న వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. అయితే ఫలితాల సమీక్షకు, తనిఖీల ఏర్పాట్లకు గంటలు దొరుకుతున్న బడిలో, తడబడుతున్న పిల్లల గురించి మాట్లాడుకోవడానికి వారానికి ఒక్క పీరియడ్ దొరకదంటే అది తీరిక కొరత కాదు, శ్రద్ధ కొరత.

ఆ పీరియడ్‌ను టైమ్‌టేబుల్‌లోనే పెట్టాలి. సెలవులో ఉన్నవారి తరగతులకు టీచర్లను పంపి దాన్ని మింగేయకూడదు. ఏ పిల్లవాడి గురించి ఎవరు ఏం గమనించారు, వచ్చే వారం ఎవరు ఏం చేస్తారన్నది అక్కడ రాసుకోవాలి, మరుసటి వారం అడగాలి. పిల్లల ఇంటి సంగతులు ఆ గది దాటి కబుర్లుగా మారకూడదని వేరే చెప్పాలా? సబ్జెక్టు శాతాలతో టీచర్లను పోటీకి నిలబెట్టే పద్ధతి పోవాలి. ఇది ప్రధానోపాధ్యాయులు, యాజమాన్యాలు చేయాల్సిన పని. టీచర్ల మంచితనానికి వదిలేసేది కాదు. ఈ పాటి ఏర్పాటు కూడా చేయలేనివారు, ఫలితాల రోజున 'మా బృందం విజయం' అంటూ ఫొటోలకు నిలబడటం మానుకోవాలి.