గాడ్జిల్లా తండ్రి పేరు

సినిమా రాక్షసుల్లో ఒక జాతి భయాలు కనిపిస్తాయని పండితులు అంటారు. ఒప్పుకుంటాను. కానీ భయపడిందెవరో తేల్చి ఊరుకుంటే ఎలా? రాక్షసుణ్ణి కన్నదెవరో కూడా రికార్డులోకి ఎక్కాలి కదా. ఈ విషయంలో గాడ్జిల్లాకు జరిగినంత అన్యాయం మరే మృగానికీ జరగలేదు.

నిజానికి పుట్టినప్పుడు ఏ దాపరికమూ లేదు. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పేల్చింది. పేలుడు శక్తి సుమారు 6 మెగాటన్నులు అనుకున్నది 15 అయింది. దూరంగా చేపలు పడుతున్న జపాన్ పడవ మీద బూడిద రాలింది. పడవలోని 23 మందికీ జబ్బు చేసింది. రేడియో ఆపరేటర్ సెప్టెంబరులో పోయాడు. నవంబరు 3న, హైడ్రోజన్ బాంబు పరీక్షలు బయటికి రప్పించిన మృగంగా, గాడ్జిల్లా జపాన్ తెర మీదికి వచ్చాడు, వస్తూనే ఓడను తగలబెట్టాడు. మరుసటి ఏడాది అమెరికా జపానుకు 20 లక్షల డాలర్లు ఇచ్చింది, చట్టపరమైన బాధ్యత ప్రసక్తి లేకుండా. తప్పు చేయకుండానే డబ్బిచ్చే పెద్ద మనసు ఎందరికి ఉంటుంది!

1956లో ఆ సినిమా అమెరికా చేరింది. అక్కడివాళ్లు కొంత కత్తిరించి, మధ్యలో ఒక అమెరికన్ విలేకరిని ఇరికించారు. తగలబడే టోక్యోను చూసి చెప్పడానికి ఒక పెద్దమనిషి ఉండాలి మరి.

1998లో హాలీవుడ్ తానే సొంతంగా తీసింది. అప్పుడు తెలిసింది, తండ్రి ఫ్రాన్స్ అని! ఫ్రెంచి పాలినేషియాలో పేల్చిన బాంబుల వల్ల ఒక బల్లి అంత పెరిగిందట. పాపం న్యూయార్కు నష్టపోయింది. ఫ్రాన్స్ గూఢచారి వచ్చి కొడుకు చేసిన పాడును సర్దుకోవాల్సి వచ్చింది. ఫ్రాన్స్ కూడా 1996 దాకా అక్కడ బాంబులు పేల్చిన మాట నిజమే కాబట్టి, ఈ దత్తత మరీ నిరాధారమని అనలేం.

అసలు ప్రతిభ 2014 నాటి హాలీవుడ్ సినిమాలో ఉంది. పసిఫిక్‌లో జరిగినవి అణుపరీక్షలే కావట! గాడ్జిల్లాను చంపడానికి వేసిన బాంబులట. తండ్రి అనుకున్న అమెరికా చివరికి మనందరి రక్షకుడు. 1946లో మానవాళి మేలు కోసమని చెప్పి బికినీ వాసులను ఊరు ఖాళీ చేయించారు. నేటికీ వాళ్లు తిరిగి స్థిరపడలేదు. ఆ మేలు ఇదేనని అప్పుడే చెప్పి ఉంటే సంతోషంగా పెట్టెలు సర్దుకునేవారు.

జపాన్ వాళ్లేమీ తక్కువ తినలేదు. ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత, 2016లో వాళ్లు తీసిన సినిమాలో మృగం ఊరి మీద పడుతుంటే మంత్రులు ఒక గదిలో సమావేశమై, అది ముగించి మరో గదిలో సమావేశమవుతారు. ఈ సన్నివేశాలకు గ్రాఫిక్స్ ఖర్చు అయి ఉండదు.

2023లో జపాన్ మళ్లీ పాత రికార్డు బయటికి తీసింది: బికినీ, 1946, అమెరికా బాంబు. ఈసారి హాలీవుడ్ మారుమాట్లాడలేదు. పిలిచి ఆస్కార్ చేతిలో పెట్టింది. విజువల్ ఎఫెక్ట్స్‌కు.